ముందు స్కానింగ్, ఆ తర్వాతే కత్తి

క్యాన్సర్ ఆసుపత్రి చూసి రాయమని సంపాదకులు హైదరాబాద్ పంపారు. రేడియేషన్ యంత్రాలు, కొత్త వార్డులు చూపించారు. నేను మాత్రం పాథాలజీ గది దాటి రాలేకపోయాను.

తొడ కండరంలోంచి తీసిన గడ్డను ఒక డాక్టరమ్మ గుడ్డతో అద్ది తడి తీస్తున్నారు. తడి ఉంటే రంగు పాకిపోతుందట. సర్జన్ రెండు దారాలు కట్టి పంపారు: పొడవుది పైవైపుకు, పొట్టిది లోపలివైపుకు గుర్తు. వాటిని చూసుకుంటూ ఒక్కో వైపుకు ఒక్కో రంగు సిరా పూశారు. ఆ వేళ్లలో తొందర లేదు, తడబాటు లేదు. పొడవాటి కత్తితో పలకలుగా కోస్తే లోపల చేప కండలా తెల్లటి కణితి. దానికీ సిరాకీ మధ్య మంచి కండ ఎంత మిగిలిందో స్కేలు పెట్టి కొలిచారు. మైక్రోస్కోపు కింద మళ్లీ చూస్తారు. ఇంకోసారి కోయాలా వద్దా అన్నది చాలావరకు ఆ దూరమే తేలుస్తుంది.

పక్కనే ఇంకో డబ్బా.

"ఇది చూడండి. కొవ్వుగడ్డే కదా అని ముక్కలుముక్కలుగా తీసేశారు. దీనికి ఏ వైపున రంగు వెయ్యను?"

ఆవిడ కోపం నాకూ అంటుకుంది. కండ, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే ఈ కణితులే సార్కోమాలు. పెద్దవాళ్లకొచ్చే క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి. రకాలు మాత్రం యాభైకి పైనే. మిగతా చోట్లకంటే తొడలో ఎక్కువగా వస్తాయి. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే నెలల తరబడి ఊరుకుంటారు. చిన్న ఊరి డాక్టరుకు ఇవి ఎప్పుడో గానీ తగలవు, నిజమే. కానీ పాటించాల్సింది కొంచెమే: గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కండ లోతులో ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క పరీక్ష. ఆ సూది కూడా రేపు ఆపరేషన్‌లో కోయబోయే గీత మీదే దిగాలి. అది వెళ్లిన దారిలో కణితి కణాలు మిగిలే ప్రమాదం ఉంది.

కాళ్లలో, చేతుల్లో సార్కోమా వచ్చిన 43 మందిపై అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో చేసిన పరిశోధన 1982లో అచ్చయింది. కాలో చెయ్యో తీసేసినవాళ్లకీ, దాన్ని కాపాడి రేడియేషన్ ఇచ్చినవాళ్లకీ బతికే అవకాశంలో తేడా కనిపించలేదు. నలభై ఏళ్లకు పైగా మన చేతిలో ఉన్న ఈ మేలును, స్కానింగ్ లేకుండా పెట్టిన ఒక్క గాటు చెడగొట్టగలదు. రెండోసారి కోసినప్పుడు మిగిలిపోయిన కణితి తరచుగా బయటపడుతూనే ఉంది.

డాక్టరమ్మ ఫోన్ అందుకున్నారు. "మిగతా ముక్కలు ఉన్నాయాండీ? పారేశారా... సరే. పాత స్కానింగులు ఏమున్నా ఇచ్చి, ఆయన్ని రేపే పంపండి. ఛాతీ సీటీ ఇక్కడ తీయిస్తాం. అక్కడ మాత్రం మళ్లీ కోయకండి."