నేర్చిన విద్య - నేర్పే విద్య

విద్య గలవాడు వేరు, విద్య నేర్పగలవాడు వేరు. ఈ రెండు శక్తులూ ఒకే వ్యక్తిలో ఉండడం అదృష్టం. ఉండి తీరుతాయనుకోవడం భ్రమ. బావి నిండా నీరున్నా, చేద లేకపోతే బాటసారి దాహం తీరదు.

మన విద్యావిధానంలో ఒక వింత ఉన్నది. ఆరేళ్ల పసివానికి అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయుడు శిక్షణ పొంది, ధ్రువపత్రం చూపితే గాని ఉద్యోగానికి అర్హుడు కాడు. పదహారేళ్లు నిండినవారికి కళాశాలలో బోధించడానికి మాత్రం విషయ పరిజ్ఞానమే ప్రధానం. జూనియర్ కళాశాలకు ఎం.ఏ. పట్టా చాలు. డిగ్రీ కళాశాలకు దానితోపాటు నెట్ గాని, సెట్ గాని, పిహెచ్.డి. గాని కావాలి. ఇవి ఏవీ సులభమైనవి కావు. అయితే పిల్లల ముందు నిలిచి ఒక పాఠాన్ని పండించడం ఎలాగో వీటిలో ఏదీ నేర్పదు.

నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తి చేసిన తరువాత నేను బి.ఇడి.లో చేరినప్పుడు మిత్రులు చాలామంది ఆశ్చర్యపోయారు. "కావ్యాలు చదివినవాడివి, ఇప్పుడు సుద్దముక్క పట్టుకోవడం నేర్చుకొంటావా?" అని ఒకరన్నారు. "గురువు పుడతాడు గాని, తయారు కాడు భాయ్" అని మరొకరన్నారు. ఆ మాటలకు అప్పుడు నేను చిరునవ్వుతో సరిపెట్టాను. నేడు ఈ సంచిక ద్వారా నా విద్యార్థులకు సమాధానం చెప్పదలచుకొన్నాను. మీలో పలువురు రేపు ఉపాధ్యాయులు కానున్నారు గనుక ఇది మీకు అవసరమైన సంగతి.

బి.ఇడి. కోర్సు 2015 నుంచి రెండేళ్లయింది. అందులో నన్ను అమితంగా ఆకర్షించినది సూక్ష్మ బోధన. ఇది 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరుల కృషితో రూపుదిద్దుకొన్నది. మన దేశంలో దానిని మన పరిస్థితులకు అనుగుణంగా మలచుకొన్నారు. ఛాత్రోపాధ్యాయుడు ఒకేసారి పూర్తి పాఠం చెప్పడు. ఒక చిన్న అంశాన్ని, ఒకే ఒక నైపుణ్యం మీద దృష్టి నిలిపి, తోటివారిని విద్యార్థులుగా కూర్చోబెట్టి చెబుతాడు. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు గుణదోష విమర్శ, పన్నెండు నిమిషాలు పాఠాన్ని తిరిగి సిద్ధం చేసుకోవడం, మళ్లీ ఆరు నిమిషాలు బోధన, మళ్లీ ఆరు నిమిషాలు విమర్శ. మొత్తం 36 నిమిషాలలో ఒక చక్రం పూర్తవుతుంది. మల్లవిద్య నేర్చేవాడు ఒక్కొక్క పట్టునే విడివిడిగా సాధన చేసినట్లుంటుంది ఈ పద్ధతి.

ఆ నైపుణ్యాలలో ఒకదాని పేరు ఉద్దీపన వైవిధ్యం. తరగతిలో చైతన్యం నింపడం ఎలాగో నేర్పే నైపుణ్యమిది. ఉపాధ్యాయుడు ఒకేచోట స్తంభంలా నిలబడకుండా కదలాలి. చేతులతో, ముఖంతో భావం పలకాలి. స్వరం హెచ్చాలి, తగ్గాలి. ముఖ్యమైన చోట పిల్లల చూపును నిలపాలి. ఒక ప్రశ్న వేసి మౌనంగా ఆగాలి. మాటతో చెప్పిన దానిని వెంటనే బొమ్మతో చూపాలి. తాను పిల్లలతో మాట్లాడడమే కాక, పిల్లలు పిల్లలతో మాట్లాడే అవకాశం కల్పించాలి.

మా సహాధ్యాయి ఒకరు మంచి గాత్రం, అభినయం కలవాడు. ఆయన ఆరు నిమిషాల పాఠం హరికథలా సాగింది. మేమందరం చప్పట్లు కొట్టాము. పరిశీలకులుగా వెనుక కూర్చున్న పెద్దాయన మాత్రం శాంతంగా, "నాయనా, పాఠం పూర్తయ్యేసరికి నీకు చెమట పట్టింది. పిల్లలకు పట్టలేదు. పని ఎవరు చేసినట్టు?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న నా శిక్షణ అంతటికీ సారాంశమని చెప్పడంలో అతిశయోక్తి లేదు. తరగతిలోని ఉత్సాహం ఉపాధ్యాయుని కంఠంలో కాక, విద్యార్థి నాలుక మీద, చేతివేళ్లలో ఉన్నదా లేదా అన్నదే గీటురాయి.

ఇవన్నీ విదేశీ సరుకులు కదా అని కొందరు పెదవి విరుస్తారు. 1999లో అమెరికాలోని కాలిఫోర్నియాలో క్రిస్ బిఫిల్ అనే తత్త్వశాస్త్ర అధ్యాపకుడు ఇద్దరు పాఠశాల ఉపాధ్యాయులతో కలిసి ఒక ఉత్సాహభరితమైన పద్ధతిని ప్రారంభించారు. ఉపాధ్యాయుడు "క్లాస్" అంటే పిల్లలందరూ ఏకకంఠంతో "ఎస్" అంటారు. ఆయన కాస్త పాఠం చెప్పి "టీచ్" అనగానే, పిల్లలు "ఓకే" అని పక్కవారివైపు తిరిగి, విన్నదానిని అభినయంతో ఒకరికొకరు బోధించుకొంటారు. ఈ పద్ధతిలో ఆరితేరిన ఉపాధ్యాయులకు ధ్రువపత్రాలు కూడా ఇస్తారు. మంచిదే. అయితే పిల్లలే పిల్లలకు నేర్పడం మన గడ్డకు కొత్తదా?

18వ శతాబ్ది చివర మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర శరణాలయాన్ని నిర్వహించిన ఆండ్రూ బెల్, మన వీధి బడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం గమనించాడు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే ప్రయోగం చేసి, 1797లో లండన్‌లో గ్రంథం ప్రకటించాడు. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతోనే వ్యాపించింది. గవర్నరు థామస్ మన్రో ఆదేశంపై 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని విద్యాస్థితిని నివేదించాడు. ఆ జిల్లాలో 533 బడులుండగా, వాటిలో తెలుగు బడులు 226, పారశీక భాష నేర్పేవి 21. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పే తీరును అతడు మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించడం సముచితమేనని రాశాడు. బోధనలోని లోపాలను కూడా అతడు దాచలేదు; అర్థం తెలియకుండానే పద్యాలు వల్లె వేయించడాన్ని విమర్శించాడు. కనుక పాతదంతా బంగారమని నేననను. ఎక్కాలు, గుణింతాలు రాగయుక్తంగా వల్లించిన వీధి బడి, ఉస్తాదు పలికినది పిల్లలు తిరిగి పలికే మక్తబ్, గురువు చెప్పినది శిష్యుడు వల్లించే వేదపాఠశాల - వీటన్నిటిలోనూ చదువు నోటితో, చెవితో, దేహంతో జరిగింది. వాటిలో కొరవడినది అర్థం. ఆధునిక శిక్షణ దానిని జోడించింది.

భాషాబోధకుడు మరువరాని ఘట్టం మరొకటి ఉన్నది. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా జె.ఎ. యేట్స్ వచ్చాడు. భాషను అనువాదం ద్వారా కాక, వస్తువులను చూపుతూ, చేసి చూపుతూ, మాట్లాడిస్తూ నేర్పాలనే ప్రత్యక్ష పద్ధతిని ఆయన ప్రోత్సహించాడు. తెలుగు విషయంలో ఆయనకొక సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాలలోని తెలుగు ఒకటిగా ఎందుకున్నాయి? ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి ఆలోచనను మేల్కొలిపింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు, ఆయన మిత్రుడు గురజాడ వ్యావహారిక భాషోద్యమానికి మూలస్తంభాలయ్యారు. ఒక బోధనాపద్ధతిని గురించిన చర్చ ఒక జాతి రచనాభాషనే మార్చివేసింది! నేడు మనం ఈ సంచికలో ఈ భాషలో రాసుకోగలుగుతున్నామంటే, దాని వెనుక ఒక తరగతి గది ఉన్నది. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనేటప్పుడు ఈ సంగతిని కూడా స్మరించడం సముచితం.

గిడుగు వాదంలోని సత్యం నాకు గ్రంథాలలో కన్నా రాజుపాలెంలో స్పష్టంగా బోధపడింది. బి.ఇడి. రెండవ సంవత్సరంలో పదహారు వారాలపాటు పాఠశాలలో పని చేయాలి. సత్తెనపల్లికీ పిడుగురాళ్లకూ నడుమ, గుంటూరు - హైదరాబాదు దారిలో ఉన్న రాజుపాలెంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను ఆ కాలం గడిపాను. పల్నాడులో మిరప కోతలు మొదలైతే బడిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ తెల్లవారకముందే చేలకు పోతారు.

ఎనిమిదవ తరగతిలో ఉర్దూ మాట్లాడే కుటుంబం నుంచి వచ్చిన బాలిక ఒకతె ఉండేది. అంగడిలో తెలుగు గడగడ మాట్లాడేదట. తరగతిలో మాత్రం తెలుగు వాచకం తెరవగానే ఆమె నోరు మూతపడేది. పదవ తరగతిలో తెలుగు తప్పడం ఎలాగూ ఖాయం, ఈ రెండేళ్లూ దండగ దేనికి, బడి మాన్పించి కోతలకు తీసుకుపోదామని ఇంట్లో అనుకొంటున్నారని తోటిపిల్లలు చెప్పారు. పరీక్షలో మార్కుల మాట అటుంచి, ఒక బాలిక చదువే ఆ వాచకం మీద ఆధారపడి ఉన్నది.

ఆనాటి పాఠం ఉత్వ సంధి. ఉకారం తరువాత అచ్చు వస్తే ఉకారం లోపిస్తుందని సూత్రం చెప్పి, పది ఉదాహరణలు రాయించడం పరిపాటి. నేను పాత శుభలేఖల వెనుకవైపు పెద్ద అక్షరాలతో 'వాడ్', 'ఉ', 'ఎక్కడ' అని రాసి ముగ్గురు పిల్లల చేతికిచ్చి వరుసగా నిలబెట్టాను. నడుమ 'ఉ' పట్టుకొన్నది ఆ బాలికే. మాట్లాడవలసిన పని లేదు గనుక ఆమె వెంటనే ఒప్పుకొన్నది. మొదట 'వాడు' అని ఇద్దరే నిలిచారు. 'ఎక్కడ' వచ్చి పక్కన చేరగానే 'ఉ' వరుస విడిచి పక్కకు తప్పుకొన్నది. మిగిలిన ఇద్దరూ చేతులు కలిపారు. తరగతి అంతా "వాడెక్కడ" అని అరిచింది. పిల్లలు మారారు, పదాలు మారాయి, ఆట నాలుగైదు సార్లు సాగింది. అప్పుడు ఒక కుర్రవాడు లేచి, "అసలు నువ్వెందుకు పోయావ్?" అని ఆమెనే అడిగాడు. ఆమె నావైపు తిరిగి, "అచ్చొచ్చింది సార్, అందుకే పోయా" అన్నది.

ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాశాను. 'అచ్చు' అనే మాట, వాడుకలో 'ఒచ్చింది' అనే మాట కలిసి 'అచ్చొచ్చింది' అయింది. నడుమ ఉన్న ఉకారం ఏమైంది? తరగతి మొత్తం ఒక్కసారిగా "పోయింది!" అన్నది. సంధిని గురించి చెబుతూనే ఆ బాలిక సంధి చేసింది. సూత్రం ఆమె నాలుక మీద ముందే ఉన్నది. వాచకం దానిని గుర్తించలేదు. తెలుగులో 'అచ్చొచ్చింది' అంటే కలిసివచ్చింది, శుభమైంది అని కూడా అర్థమున్నది కదా! ఆ దినం ఆ మాట మా తరగతికి రెండర్థాలలోనూ నిజమైంది.

మరునాడు మరొక అడుగు వేశాను. ముస్లిం బాలబాలికలు మొట్టమొదట నేర్చే పలుకు 'బిస్మిల్లా'. అందులో 'బి', 'ఇస్మ్', 'అల్లా' అనే మూడు మాటలున్నాయి. 'బి', 'ఇస్మ్' కలిసినప్పుడు ఒక ఇకారమే వినిపిస్తుంది. అరబ్బీ వ్యాకరణం వేరు, తెలుగు వ్యాకరణం వేరు. సూత్రాలు ఒకటి కావు. కాని రెండు అచ్చులు ఎదురైనచోట ఒకటి మరొకదానికి చోటివ్వడం రెండు భాషలలోనూ వినవచ్చును. ఈ పోలిక వినగానే వెనుక బెంచీలోని మస్తాన్ సాహెబుల పిల్లలే కాక, ముందు బెంచీలోని రైతుబిడ్డలు కూడా ఆసక్తితో 'బిస్మిల్లా'ను విడదీసి కలిపి చూశారు. తన ఇంటి పలుకుకు తరగతిలో గౌరవం దక్కిన బిడ్డ తరగతి పలుకును ఇంటికి తీసుకుపోతుంది. నా పదహారు వారాలు ముగిసేనాటికి ఆ బాలిక లేచి నిలబడి పాఠం బిగ్గరగా చదివేది. బడి మాన్పించే మాట ఇంట్లో మళ్లీ రాలేదని ఆమే చెప్పింది.

ఇంతమాత్రాన చప్పట్లు, కేకలు, ఆటలే బోధన అని పొరబడరాదు. శోకరసం నిండిన పద్యం చదివిన తరువాత తరగతికి కావలసినది నిశ్శబ్దం. పల్నాటి వీరుల కథ చెప్పే విద్యావంతులు కారెంపూడిలో కత్తి ఝళిపిస్తూ, అడుగు వేస్తూ గానం చేస్తారు. బాలచంద్రుని మరణ ఘట్టం వచ్చినప్పుడు జనమంతా ఊపిరి బిగబట్టి వింటారు. చైతన్యం అంటే సందడి కాదు, శ్రోత లోపలి కదలిక. ఉద్దీపన వైవిధ్యంలో మౌనాన్ని కూడా ఒక అంశంగా చేర్చినవారు విజ్ఞులు.

1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ప్రాథమిక ఉపాధ్యాయులకు ఆరు సూత్రాలు బోధించింది. ఉపాధ్యాయుడే కృత్యాలను రూపొందించాలి. పిల్లలు చేసి, కనుగొని నేర్వాలి. వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య భేదాలను గుర్తించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనులను ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయం చేయాలి. ఆ పథకం ముగిసి చాలా ఏళ్లయినా, ఈ ఆరింటిలో ఒక్కటీ పాతబడలేదు. ప్రాథమిక పాఠశాలకు చెప్పిన ఈ సూత్రాలు డిగ్రీ తరగతికి తగవని ఎవరు చెప్పగలరు?

తుది ప్రాయోగిక పరీక్షలు ముగిసి ధ్రువపత్రం చేతికి వచ్చిన రోజు నేను సంతోషించాను. కష్టించి సంపాదించిన కాగితాన్ని తేలికగా చూడరాదు. పిల్లల ముందు నిలిచే హక్కు ఎవరికి ఉన్నదో సమాజం ఒక కొలత పెట్టడం న్యాయమే. వైద్యునికి అడిగినట్లే గురువుకూ అడగాలి. అయితే ధ్రువపత్రం మీద ఉండేది ఉపాధ్యాయుని పేరు. దానిని ప్రతిదినం ధ్రువపరచవలసినవారు విద్యార్థులు. వారి సంతకం కాగితం మీద కనిపించదు. మూసుకొన్న నోరు విచ్చుకొన్నప్పుడు వినిపిస్తుంది.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు ఎడ్‌సెట్ రాస్తారు, కొందరు డైట్ కళాశాలల్లో చేరతారు, కొందరు నేరుగా ఎం.ఏ.కు పోతారు. ఏ దారిన పోయినా శిక్షణను తక్కువగా తలచకండి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన మీకు ఇతరులకు లేని ఒక సంపద ఉన్నది. ఒక భాష తలుపు దగ్గర భయపడి నిలిచిన బిడ్డను మరొక భాష చేయి పట్టుకొని లోపలికి తీసుకురాగలదు. ఆ బిడ్డ మీ తరగతిలో ఎక్కడో వెనుక బెంచీలో కూర్చొని ఉంటుంది. పాఠం చెప్పడం మొదలుపెట్టే ముందు ఆమెను వెదకి పట్టుకోండి.