సంగటి, ఎండు రొయ్యలు, బోటి: గుత్తి నుంచి ధర్మవరం దాకా

అనంతపురం పీఠభూమిలో రొయ్యలూ మాంసమూ కారంగా కలిసే రాత్రి భోజనం ఒకటుంది. సంగటి ముద్ద, ఒక పక్క వంకాయతో వండిన ఎండు రొయ్యలు, ఇంకో పక్క బోటి (గొర్రె పేగులు, పొట్ట) కూర. అమెరికా దక్షిణాన లూసియానాలో పచ్చి రొయ్యలను, పేగు తొడుగులో కూరి పొగబెట్టిన పంది మాంసాన్ని ఒకే కుండలో ఘాటుగా వండుతారు. ఇక్కడ పేగులో ఏదీ కూరరు, పేగునే వండుతారు. సముద్రం దూరం కాబట్టి రొయ్య ఎండి వస్తుంది.

గుత్తి కోట దాటాక 44వ నంబరు జాతీయ రహదారి దక్షిణానికి సాగి, పామిడి దగ్గర పెన్నను దాటుతుంది. నేను వెళ్ళినప్పుడు వంతెన కింద ఇసుకే ఉంది. ఈ సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాల తడిని పడమటి కనుమలే చాలావరకు పిండేస్తాయి. ఈశాన్య ఋతుపవనం తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. గుత్తి వైపు కనిపించే నల్లరేగడి అనంతపురం చేరేలోపే ఎర్రనేలకు దారి ఇస్తుంది. ఆ ఎర్రనేలలో శెనక్కాయే ప్రధాన పంట. కాయ పట్టని ఏడు కూడా కట్టె గొర్రెలకు మేతవుతుంది. అందుకే ఇక్కడి వంటలో కూరగాయల కన్నా నిలవ సరుకూ, గొర్రె మాంసమూ నమ్మకమైనవి.

దారిలో ఒక వారపు సంతలో గోనెపట్టల మీద ఎండుచేపల కుప్పల పక్కన ఎండు రొయ్యలు పోసి ఉన్నాయి. వేలి గోరంత రొయ్య, గులాబీ రంగు, వంకర తిరిగి గట్టిపడింది. ఎలా వండాలని అడిగితే అమ్మే అవ్వ చెప్పింది: "ముందు ఏంచు నాయనా, ఆమీట కడుగు. కడిగినాక ఏంచితే రుచి పోతాది." అందులో న్యాయముంది. పొడి బాణలిలో వేగితే తలలూ కాళ్ళూ పెళుసెక్కి, చేతులతో నలిపినప్పుడు రాలిపోతాయి, నీచు వాసన తగ్గుతుంది. తర్వాత వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగితే ఇసుకా, ఎక్కువైన ఉప్పూ పోతాయి. శెనక్కాయ నూనెలో ఎర్రగడ్డ, పచ్చిమిరప, వంకాయ మగ్గాక రొయ్యలు, మిరపపొడి, చింతపండు పులుసు వేస్తారు. రొయ్యలో ఉప్పు ఇంకా మిగిలే ఉంటుంది కనుక కూరకు ఉప్పు చివరన, రుచి చూసి వేయాలి.

ఇదే రాష్ట్రపు తీరంలో 2009 తర్వాత వనామీ రొయ్య చెరువులు విస్తరించాయి. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో భారతదేశానిది పెద్ద వాటా, అందులో ఆంధ్ర సరుకే ఎక్కువ. పెద్ద రొయ్య ఓడెక్కుతుంది, కరువు మండలాల సంతకు చిన్నది ఎండి వస్తుంది. రుచిలో మాత్రం ఎండినదే ఘాటైనది.

బోటికి శ్రమంతా శుభ్రం చేయడంలోనే. పేగును పుల్లతో లోపలి వైపు బయటికి తిప్పి, ఉప్పూ పసుపూ పట్టించి రుద్దుతారు. పొట్టను మరిగే నీళ్ళలో ముంచి తీసి కత్తితో గీకితే నల్లటి పొర ఊడి, తేనెపట్టు లాంటి తెల్లని గళ్ళు బయటపడతాయి. పసుపు నీళ్ళలో ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోశాకే అసలు వంట మొదలు. ధనియాలు, ఎండుమిరప, చెక్క, లవంగం, ఎండుకొబ్బరి నూరిన ముద్ద పడాలి. నానబెట్టిన శెనగబేడలు కలిపితే పులుసు చిక్కబడుతుంది. ఉడకడానికి మాంసం కన్నా ఎక్కువసేపు పడుతుంది, తొందరపడితే రబ్బరులా సాగుతుంది.

సంగటికి బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పైన కుప్పగా పోసి, మూతపెట్టి, ఆనక సంగటికట్టెతో ఉండలు లేకుండా గెలుకుతారు. తడిచేత్తో ముద్ద చేసి వేడివేడిగా వడ్డించాలి. మిరప ఘాటును మోయగలిగేది ఆ చప్పటి రాగే. తెల్లన్నానికి ఆ బలం లేదు.

ధర్మవరం దాకా రోడ్డు పక్క హోటళ్ళ బోర్డుల మీద సంగటి, నాటుకోడి కనిపించాయి గానీ ఎండు రొయ్యలు, బోటి కనిపించలేదు. ఇంటి వంటగానే అవి బతుకుతున్నాయి. ఈ సీమకు వెళ్ళేవాళ్ళు వాటిని పేరు పెట్టి అడగండి. అడిగేవాళ్ళుంటే వండేవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు.