తల నరం చిట్లినాక వచ్చే జ్వరం

మా పాడేరు కొండల్లో జ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియా. రక్తపు చుక్క తీయించు, మాత్రలు మింగు, దుప్పటి కప్పుకుని పడుకో. ఈ వరస బడిపిల్లలకు కూడా తెలుసు. మెదడులో రక్తస్రావం అయిన మనిషికి జ్వరం వస్తే మాత్రం ఈ వరస చాలదు.

మా చిన్నాన్నకు బీపీ ఉంది. మాత్రలు కొన్నాళ్లు వేసుకుని మానేశాడు. పోడులో పనిచేస్తూ పడిపోయాడు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. విశాఖలో ఒక పెద్దాసుపత్రికి చేర్చాం. స్కాన్‌లో మెదడు ఎడమవైపు రక్తం గడ్డకట్టి కనిపించింది. మూడో రోజు ఒళ్లు కాలిపోయింది. "మన ఊరి జ్వరమే వెంట వచ్చింది, ఇంటికి తీసుకుపోదాం" అన్నారు బంధువులు. మలేరియా పరీక్ష చేశారు. లేదని తేలింది.

ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. అదెలా వచ్చిందో తర్వాత అర్థమైంది. ఆకలితో ఉన్న మనిషిని చూస్తూ ఊరుకోలేక చిన్నమ్మ రెండు రోజులుగా చోడి అంబలి చెంచాతో నోట్లో పోస్తోంది. పక్షవాతంతో మింగే శక్తి తగ్గినప్పుడు కడుపులోకి వెళ్లాల్సింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నోటితో ఏమీ ఇవ్వకూడదని మంచం దగ్గర తెలుగులో రాసి ఉంది. చిన్నమ్మకు చదువు రాదు, ఆమె మాట ఆదివాసీ ఒడియా. ఆ మాటలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ తప్పు ఆమెది అంటే నేను ఒప్పుకోను.

దెబ్బతిన్న మెదడుకు వేడి శత్రువు. ఒళ్లు వేడెక్కేకొద్దీ మెదడు కణాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అక్కడేమో అదే కరువు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశంతో కలిపి 10 దేశాల రోగులున్నారు. బీపీని, చక్కెరను త్వరగా అదుపు చేసి, ఒంటి వేడిని 37.5 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకుండా చూసిన రోగులు మెరుగ్గా కోలుకున్నారు. 37.5ని 9తో గుణించి 5తో భాగించి 32 కలపండి, 99.5 ఫారెన్‌హీట్. మనం "కొంచెం వెచ్చగా ఉంది, పర్వాలేదు" అనుకునే జ్వరమే అది!

ఒక్కోసారి ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే జ్వరం వస్తుంది. ఒంటి వేడిని నడిపే హైపోథాలమస్ మెదడు అడుగునే ఉంది, రక్తస్రావం దాన్నీ కదిలిస్తుంది. అయితే ఛాతీ, మూత్రం, రక్తం, సూది గుచ్చిన చోటు, కాళ్ల వాపు అన్నీ చూశాకే డాక్టర్లు ఆ మాట అంటారు.

చిన్నాన్నకు యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ముక్కు గొట్టంలోంచి వేళకు పారాసిటమాల్ పోశారు. తల వైపు మంచం ఎత్తి ఉంచారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, మూత్రం సంచిని నడుము కన్నా కిందికి వేలాడదీయడం నర్సమ్మ చూపిస్తే నేను చిన్నమ్మకు మా మాటలో చెప్పాను. గోరువెచ్చని నీళ్ల గుడ్డతో తుడిచాం. ఐసు నీళ్లు వద్దన్నారు. వాటితో వణుకు పుడుతుంది, వణికితే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పి చెమట పట్టించే మన పద్ధతీ ఇక్కడ పనికిరాదు. ఊరికి వచ్చాక జ్వరం తగిలితే డైక్లోఫినాక్ సూది వేయించవద్దని, ఆస్పిరిన్ ఇవ్వవద్దని గట్టిగా చెప్పారు. వాటితో మళ్లీ రక్తస్రావం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు.

ఇంట్లో థర్మామీటర్ చూసి, వేళ వేసి నోటుబుక్కులో రాసేది పదో తరగతి చదివే మా చెల్లెలు. చిన్నాన్నకు మింగడం వచ్చిందని ఆసుపత్రిలో పరీక్షించాకే అంబలి మళ్లీ మొదలైంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చెంచా చెంచాగా పెడుతుంది చిన్నమ్మ. ఒక్కసారి దగ్గాడా, గిన్నె పక్కన పెట్టేస్తుంది.