రెండో బిగింపు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో తోచలేదు. కవితలు నాకు రావు. నాకు బాగా తెలిసినవి రెండే: ఈ హాస్టలు, ట్రాక్టరు ట్రక్కు. రెండోదాని గురించి రాస్తాను. మొదటిది దానంతటదే వస్తుంది.

మా నాన్న ఒక రైతు దగ్గర ట్రాక్టరు డ్రైవరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 2016 డిసెంబరులో, కోతల సమయంలో ప్రమాదం జరిగింది. పాత ఛాసిస్ మీద కొత్త తొట్టి పెట్టించారు. పని తొందరలో ఉంది. తొట్టిని నాలుగు చోట్ల వెల్డింగు చుక్కలతో అతికించి పంపేశారు. ధాన్యంతో కాలవ కట్ట దిగుతూ నాన్న బ్రేకు వేశాడు. అతుకులు తెగి తొట్టి ముందుకు జారి సీటును గుద్దింది. నాన్న ప్రాణం దక్కింది కానీ కుడికాలు మునుపటిలా లేదు. ఇక డ్రైవింగు లేదు.

అమ్మ నన్ను ఇంటికి తీసుకుపోదామని హాస్టలుకు వచ్చింది. నేను ట్రంకు పెట్టె సర్దేసుకున్నాను కూడా. వార్డెన్ సారు అమ్మను కూర్చోబెట్టి, "పబ్లిక్ పరీక్ష ఒక్కటి రాయనివ్వమ్మా, తరవాత మీ ఇష్టం" అన్నారు. మా కామాటి అన్న ఏమీ మాట్లాడకుండా నా పెట్టె తీసుకెళ్లి మళ్లీ మంచం కింద పెట్టాడు. ఆ రోజు ఆ పెట్టె బయటికి వెళ్లి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

2020లో ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. సడలింపులు ఇచ్చాక ఊళ్లో ఒక వెల్డింగు షెడ్డులో కూలికి చేరాను. అక్కడి పనే ట్రక్కు తొట్లు కట్టడం. నాన్నను పడేసిన పనినే నేను నేర్చుకోవాల్సి వచ్చింది.

మేస్త్రి బాబాయ్ చదివింది ఐదో తరగతే. తొట్టి మూల చూడాలంటే ఒక అంచు మీద 6 అడుగులు, రెండో అంచు మీద 8 అడుగులు గుర్తు పెట్టి టేపు అడ్డంగా పట్టేవాడు. సరిగ్గా 10 అడుగులు వస్తే మూల సరి. "ఇది పైథాగరస్ బాబాయ్" అంటే, "ఎవరైతే ఏంట్రా, టేపు సరిగ్గా పట్టుకో" అనేవాడు.

10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టిలో అంచు దాకా ధాన్యం పోస్తే సుమారు రెండు టన్నులు. 75 కేజీల బస్తాల లెక్కన 26 బస్తాలు. బ్రేకు వేస్తే ట్రాక్టరు ఆగుతుంది గానీ, ఆ రెండు టన్నులు ముందుకు పోవాలనే చూస్తాయి. అందుకే బాబాయ్ ఛాసిస్ మీద తొట్టికి ముందు వైపు ఆపుడు ముక్కలు పెట్టేవాడు. జారకుండా పట్టేవి అవి. లేవకుండా, కదలకుండా నొక్కి పట్టేవి యూ బోల్టులు. గతుకుల్లో ఛాసిస్ మెలికలు తిరుగుతుంది, వట్టి వెల్డింగు చుక్కలు ఆ మెలికకు పగులుతాయి.

రెండు చక్రాల ట్రక్కుకు ఇంకో లెక్క ఉంది. తొట్టి మరీ వెనక్కి కూర్చుంటే బరువు తోకమీద పడి ట్రాక్టరు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది, చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకు కూర్చుంటే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. బరువు ఇరుసుకు కొంచెం ముందుగా పడాలి.

నేను ఒంటరిగా బిగించిన మొదటి తొట్టి ఒకటుంది. ఛాసిస్‌కూ తొట్టికీ మధ్య చెక్క పట్టీలు వేశాను, బోల్టులన్నీ బలంకొద్దీ బిగించాను. ఒక లోడు తోలాక బండి షెడ్డు ముందు ఆగింది. నాన్న కుంటుకుంటూ వచ్చి ట్రక్కు కిందికి దూరాడు. చిన్న సుత్తితో ఒక్కో బోల్టునూ తట్టాడు. గట్టిగా ఉన్నవి ఖంగుమన్నాయి. రెండు బోల్టులు మాత్రం డబ్బు డబ్బుమన్నాయి.

"నేను బాగానే బిగించాను నాన్నా" అన్నాను.

"బాగానే బిగించావురా. బరువు పడేసరికి చెక్క కూర్చుంది. అది నీ తప్పు కాదు. మళ్లీ చూడకపోతే నీ తప్పు" అన్నాడు.

ఆయన తన కాలు గురించి ఆ రోజు కూడా ఒక్క మాట అనలేదు. నేను కిందికి దూరి రెండోసారి బిగించి, పైన చెక్ నట్లు వేశాను.

డిగ్రీ మొదటి సెమిస్టరులో నాకు ఒక పేపరు పోయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే. ఇక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది. మొదటి బరువు పడింది, చెక్క కూర్చుంది, అంతే. మళ్లీ రాసి పాసయ్యాను. ఈ ఏడాది ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తయింది.

తమ్ముళ్లారా, పదో తరగతి దాటి బయటికి వెళ్లాక మీకూ ఏదో ఒక నట్టు వదులవుతుంది. సిగ్గుపడి దాక్కోవద్దు. ఒకసారి హాస్టలుకు రండి. సుత్తి పట్టుకుని తట్టి చూసేవాళ్లు ఇక్కడ ఎవరో ఒకరు ఉంటారు. నేనైతే ప్రతి సంక్రాంతికీ వస్తాను.