పోయిన పట్టాలు

"తాతా, నిజం చెప్పు. నువ్వే తీసేశావు కదూ?"

పద్నాలుగేళ్ళ నా మనవడు ఈ మాట అడిగినప్పుడు వాడి గొంతులో కోపం లేదు. నన్ను ఎక్కువగా బాధించినది అదే. కోపగించినవాడు జవాబు కోసం ఎదురు చూస్తాడు. వీడు తీర్పు ముందే రాసుకొని వచ్చాడు.

వాడి అనుమానానికి ఆధారం లేకపోలేదు. కొంతకాలంగా వాడు కంప్యూటరులో రైలు నడిపే ఆటలో మునిగి ఉంటున్నాడు. పరీక్షలు దగ్గర పడుతున్నకొద్దీ నాకు ఆ ఆట మీద విముఖత పెరిగినది. "దాన్ని పీకి పారేస్తే గాని నీకు లెక్కలు రావురా" అని ఒక రాత్రి అందరి ముందూ అన్నాను. ఆ వారంలోనే ఆట తెరుచుకోవడం మానివేసినది. ఏదో ఫైలు కనబడడం లేదని తెర మీద ఒక వాక్యం వచ్చినది. వాడు ఆ ఫైలును మళ్ళీ తెచ్చి పెట్టుకున్నాడు. రెండు రోజులు బాగానే నడిచినది. మూడవ రోజున మళ్ళీ మాయం. ఇంట్లో ఆ కంప్యూటరును తాకేవాళ్ళం ముగ్గురమే. వాడి తండ్రి పని మీద ఊరు వెళ్ళి ఉన్నాడు. మిగిలిన ముద్దాయిని నేనే.

నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏడేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కర్మాగారం అది. 1977లో పార్వతీపురం దగ్గరి పల్లె నుండి ఒక రేకు పెట్టెతో ఇక్కడ దిగాను. అప్పుడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది; 1979లో విజయనగరం జిల్లాలోకి పోయినది; 2022లో తానే ఒక జిల్లాకు కేంద్రమైనది. భిలాయి అప్పుడు మధ్యప్రదేశ్; 2000 నుండి ఛత్తీస్‌గఢ్. ఊళ్ళు కదలకుండానే వాటి చిరునామాలు మారిపోయాయి.

నా వృత్తి కొలత పరికరాల మరమ్మతు. కొలిమి వేడిని, గాలి ఒత్తిడిని చూపే ముల్లు అసందర్భంగా కదిలితే, తప్పు ముల్లుదా, తీగదా, కొలిమిదా అని తేల్చడమే మా పని. తేల్చకుండా ఏదీ మార్చకూడదన్నది అక్కడ మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఎందరికో చెప్పిన నేను నా ఇంట్లో ఏమి చేశానో చెప్పుకోవడానికి సిగ్గు వేస్తున్నది.

నిర్దోషినని నిరూపించుకోవాలన్న తొందరలో, "ఆటను మొత్తం తీసివేసి, నా ఎదుటనే కొత్తగా పెట్టు. ఆపైన నేను ఆ గదిలోకే రాను" అన్నాను. వాడు తీసివేయడం మొదలుపెట్టాడు. సొంతంగా చేసుకున్న ఫైళ్ళను కూడా తొలగించమంటారా అని కంప్యూటరు అడిగినది. మనవడు ఒక క్షణం ఆగాడు. "అన్నీ తీసెయ్, శుభ్రంగా ఉంటుంది" అన్నాను నేను.

ఆట మళ్ళీ వచ్చినది. వాడు దాన్ని తెరిచి, ఎక్కడో వెదికి, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు. సంగతి కోడలు చెప్పినది. "వాడు అందులో ఆడుకోవడమే కాదు మామయ్యగారూ, రైలు దారి కడుతున్నాడు. దుర్గ్ నుండి పార్వతీపురం దాకా. మీకు చూపించాలని ఆరు నెలలుగా కడుతున్నాడు."

రాయ్‌పూర్, మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబాంజీ, టిట్లాగఢ్, కేసింగా, మునిగుడ, రాయగడ. నేను సెలవులకు ఊరు వెళ్ళిన దారి అది. ఏ స్టేషనులో తెల్లవారేదో, ఎక్కడ మొదట తెలుగు వినిపించేదో వాడికి చిన్నప్పుడు కథలుగా చెప్పాను. ఆ కథలను వాడు పట్టాలుగా పరిచాడు. వాటిని నేను శుభ్రం చేయించాను.

మరునాడు ఉదయమంతా నేను బాలాజీ మందిరంలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఆ ఫైలు మూడవసారి మాయమై ఉన్నది. నా నిర్దోషిత్వం రుజువైనది. దాని వల్ల నాకు గాని, వాడికి గాని సంతోషం కలగలేదు.

ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకం తీసి, ఫైలు ఎప్పుడెప్పుడు పోయినదో మనవడిని అడిగి రాసుకున్నాను. మూడుసార్లూ ఎవరూ కంప్యూటరు ముందు లేని వేళనే పోయినది. మూడుసార్లూ అదే ఫైలు. పక్కనున్న వందలాది ఫైళ్ళకు ఏమీ కాలేదు. డిస్కు చెడిపోతే నష్టం ఇంత పద్ధతిగా ఉండదు. ఎవరో ఎంపిక చేసి తీస్తున్నారు. మనుషులు కాకపోతే, మనుషుల తరఫున పనిచేసేది ఏదో అయి ఉండాలి.

వైరస్‌ల నుండి కంప్యూటరును కాపాడే కార్యక్రమంలో 'రక్షణ చరిత్ర' అనే పుట ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచాము. మూడు తేదీలు, మూడు సమయాలు, ఒకే ఫైలు పేరు. ప్రతి దాని ఎదుటా ఒకే మాట: క్వారంటైన్. దొంగ లేడు. కాపలాదారే తీసుకొని లోపల పెట్టాడు. ఆట తెర నిండా నడుస్తున్నప్పుడు హెచ్చరికలు అడ్డు రాకూడదని వాటిని ఆపించినది మా వాడే. కాపలాదారు చెప్పబోయాడు, మేమే నోరు మూయించాము.

క్వారంటైన్ అన్న మాటకు పాత చరిత్ర ఉన్నది. 1377లో, నేడు దుబ్రోవ్నిక్ అని పిలిచే రగూసా రేవు పట్టణం, ప్లేగు ప్రాంతాల నుండి వచ్చినవారిని ముప్ఫై రోజులు విడిగా ఉంచాలని నిర్ణయించినది. తరువాత ఆ గడువు నలభై రోజులకు పెరిగినది. ఇటలీ భాషలో నలభైకి ఉన్న మాటే ఈ పేరుకు మూలం. అది శిక్ష కాదు, అనుమానం. కంప్యూటరులోనూ అంతే. అనుమానించిన ఫైలును నడవడానికి వీలు లేని రూపంలో వేరొక చోట బంధించి ఉంచుతారు.

ఈ కాపలాదారు మనుషులను గుర్తించేది ముఖం చూసి మాత్రమే కాదు, నడక చూసి కూడా. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. అది తరచుగా మారుతుంది. పట్టికలో లేకపోయినా, మరొక కార్యక్రమంలోకి చొరబడి దాని పని మార్చే ఫైలును అది శంకిస్తుంది. ఆటకు కొత్త దారులు చేర్చే సాధనం చేసేది సరిగ్గా ఆ పనే. దాన్ని రాసినవాడు ఒక రైలు అభిమాని. పెద్ద సంస్థల ముద్ర దాని మీద లేదు. శంకించడం తప్పు కాదు. ఏ పరీక్షా అన్ని వైరస్‌లనూ పొరపాటు లేకుండా పట్టలేదని ఫ్రెడ్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1980లలోనే నిరూపించాడు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ పంపిన కొత్త పట్టిక విండోస్ ఎక్స్‌పీకి అత్యవసరమైన ఒక ఫైలునే వైరస్‌గా భావించడంతో ఎన్నో దేశాలలో కంప్యూటర్లు స్తంభించాయి.

ఫైలును వెంటనే విడిపించలేదు. శంక నిజమైతే? దాన్ని రాసినవాడి సొంత పుట నుండి మళ్ళీ తెచ్చి, 2004లో స్పెయిన్‌లో మొదలైన వైరస్‌టోటల్ అనే సేవకు పంపాము. పదుల సంఖ్యలో పరీక్షకులు ఒకేసారి అభిప్రాయం చెప్పే చోటు అది. ఒకరిద్దరు తప్ప ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అప్పుడు ఆ ఒక్క ఫైలుకే మినహాయింపు ఇచ్చాము. కాపలాను మొత్తంగా ఆపలేదు. ఫైలు ఆ తరువాత మళ్ళీ పోలేదు.

రైలు దారి మాత్రం రాలేదు. పాత తిరుగుడు డిస్కులలో తొలగించిన ఫైలు, దాని మీద మరొకటి రాసేదాకా, వెదికితే దొరికే అవకాశం ఉండేది. మా కంప్యూటరులో ఉన్నది సాలిడ్ స్టేట్ డిస్కు. తొలగించిన చోటును అది తనంత తానే తుడిచి సిద్ధం చేసుకుంటుంది. కాపలాదారు తీసినది భద్రంగా తిరిగి వచ్చినది. నేను తీయించినది శాశ్వతంగా పోయినది.

ఆ రాత్రి మనవడికి ఇంతవరకు ఎవరికీ చెప్పని ఒక సంగతి చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్యానెల్ గదిలో స్క్రూడ్రైవర్లు మాయమవుతూ ఉండేవి. నా సహాయకుడు ఈ ప్రాంతపు కుర్రవాడు, మితభాషి. వాణ్ణి అనుమానించి ఫోర్‌మన్‌తో చెప్పాను. వాణ్ణి వేరే షిఫ్టుకు పంపారు. కొన్ని నెలల తరువాత షట్‌డౌన్‌లో కేబుల్ ట్రెంచి మూతలు ఎత్తినప్పుడు, ఆరు స్క్రూడ్రైవర్లు దుమ్ములో పడి ఉన్నాయి. ప్యానెల్ మీద ఉంచినవి యంత్రాల అదురుకు జరిగి జరిగి, సందులోంచి పడిపోయాయి. వాడిని వెదికి క్షమాపణ చెప్పాలని అనేకసార్లు అనుకున్నాను. చెప్పలేదు.

"నువ్వు నన్ను అనుమానించినా, వచ్చి నా ముఖాన్నే అడిగావు. నేను వాణ్ణి అడగనైనా అడగలేదు" అన్నాను.

మనవడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "తాతా, కేసింగా దాటాక వంతెన ముందా, స్టేషను ముందా?" అని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. ఇద్దరం కలిసి పటం తెరిచాము.

ఇప్పుడు ఆ దారిని ఇద్దరమూ కడుతున్నాము. లెక్కలయ్యాక రోజుకు ఒక గంట. ఈ నెలకు టిట్లాగఢ్ చేరాము. ప్రతి ఆదివారం సాయంత్రం అంతవరకు అయినదానికి ఒక నకలు పెన్ డ్రైవ్‌లో తీసి, తేదీ రాసిన కాగితం చుట్టి, బీరువాలో నా ప్రావిడెంట్ ఫండ్ కాగితాల పక్కన పెడుతున్నాము. బీరువా తాళం చెవి వాడి దగ్గర ఉంటుంది.