బొరియ ముందు నిరీక్షణ

ఇంగ్లీషు భాష మన తెలుగు నుంచి తీసుకున్న కొద్ది మాటల్లో ‘పందికొక్కు’ ఒకటి. అది అక్కడ ‘బాండికూట్’గా మారింది. ఆ తరువాత ఆస్ట్రేలియాలో దానితో ఏ బంధుత్వమూ లేని మరో జంతువుకు కూడా అదే పేరు పెట్టారు. గత ఏడాది వసంతకాలంలో ఫిలడెల్ఫియాలోని ఒక వనంలో, గడ్డి మధ్య నిటారుగా కూర్చుని మావైపే చూస్తున్న ఒక గోధుమవన్నె జంతువును చూపించినప్పుడు, మా అబ్బాజాన్ నోట వచ్చిన మొదటి మాట కూడా అదే. “ఇది మన పందికొక్కే కదా బేటీ! అమెరికా వచ్చి బాగా మేసినట్టుంది” అన్నారు.

ఆ మాటలో పరిహాసంతో పాటు పాత పగ కూడా ఉంది. బాపట్ల ప్రాంతంలో నలభై ఏళ్ళు వరి సాగు చేసిన మనిషి ఆయన. గట్లు తొలిచి మడిలోని నీటిని పోగొట్టేవి, కంకులు కొరికి బొరియల్లో దాచుకునేవి పందికొక్కులే. కోతల ముందు పొలంలో ఎలుకబుట్టలు పెట్టించడం, తెల్లవారగానే వెళ్ళి లెక్క చూసుకోవడం ఆయనకు ఏటేటా తప్పని పని. నేలలో బొరియ తవ్వే ఏ జంతువునైనా ఆయన రైతు కళ్ళతోనే చూస్తారు.

మేము చూసినది పందికొక్కు కాదు. దాని పేరు వుడ్‌చక్. దానినే గ్రౌండ్‌హాగ్ అని, అంటే నేల పంది అని కూడా పిలుస్తారు. నిజానికి అది ఉడుతల కుటుంబానికి చెందినది. బాగా బలిసిన పిల్లి అంత ఉంటుంది. మూడు నుంచి ఆరు కిలోల దాకా తూగుతుంది. ‘వుడ్’ అనే మాటను చూసి కట్టెలతో దానికేదో సంబంధం ఉందనుకుంటాం గానీ, అది అక్కడి ఆదిమజాతుల భాషలోని పేరు ఇంగ్లీషు వారి నోట మారిన రూపం. గడ్డి, క్లోవర్ ఆకులు, డాండెలియన్ పూలు దాని ఆహారం. తోటలు పెంచేవారికి మాత్రం అది పరమ శత్రువు. చిక్కుడు మొలకలను ఒక్క ఉదయంలో నేలమట్టం చేయగలదు. మేముండే వీధిలో దాని పేరెత్తితే చాలు, బోనుల గురించి, కంచెల గురించి మాట్లాడేవారే ఎక్కువ.

పెన్నీప్యాక్ అనే వాగు పేరు మీదనే ఆ వనానికి పెన్నీప్యాక్ పార్కు అని పేరు వచ్చింది. ఆ వాగు మీద 1697లో కట్టిన రాతి వంతెన ఒకటి నేటికీ రాకపోకలకు ఉపయోగపడుతోంది. అమెరికాలో రహదారి వంతెనలన్నింటిలో అదే ప్రాచీనమైనదని చెబుతారు. వాగు ఒడ్డున ఎత్తైన చెట్లు, మధ్య మధ్య పచ్చిక మైదానాలు. మా ఇంటి నుంచి కారులో పది నిమిషాల దూరం.

అబ్బాజాన్ మా దగ్గరికి వచ్చేనాటికి అమ్మీ ఈ లోకం విడిచి నాలుగు నెలలైంది. వచ్చిన కొత్తలో ఆయన నమాజు వేళలు తప్ప మిగిలిన సమయమంతా కిటికీ దగ్గరి కుర్చీలోనే గడిపేవారు. అడిగిన దానికి సమాధానం చెప్పేవారు, పెట్టినది తినేవారు, అంతే. మా పదకొండేళ్ళ అబ్బాయికి బడిలో ఒక పని అప్పగించారు. ఊళ్ళో ఉండే ఏదైనా ఒక అడవి జంతువును గమనించి, దాని జీవితాన్ని ఫోటోలతో వివరించాలి. వాడు వుడ్‌చక్‌ను ఎంచుకున్నాడు. “నానా, మీరూ రావాలి. మీకు బొరియలు తెలుసు కదా” అని ఆయన చేయి పట్టుకుని లేవదీసినవాడు కూడా వాడే.

అలా మే నెలలో, సెలవు దినాల ఉదయాలలో మేము ముగ్గురం వనానికి వెళ్ళడం మొదలైంది. కెమెరా నాది. దూరంగా ఉన్న దాన్ని దగ్గరగా చూపే పొడవాటి లెన్స్ ఒకటి ఉంది. అయితే లెన్స్ ఉన్నంత మాత్రాన వుడ్‌చక్ ఫోటోకు దొరకదు. దాని కళ్ళు, చెవులు, ముక్కు తల పైభాగానికి దగ్గరగా ఉంటాయి. అందువల్ల ఒళ్ళంతా బొరియలో దాచుకుని, కాస్త నుదురు మాత్రం పైకి పెట్టి లోకమంతా చూడగలదు. మనం దాన్ని చూసే లోపే అది మనల్ని చూసి ఉంటుంది. అనుమానం రాగానే సన్నని ఈల వేసి లోపలికి దూకుతుంది. ఆ ఈల వల్ల దానికి ‘ఈల పంది’ అనే పేరు కూడా ఉంది.

అక్కడ అబ్బాజాన్ వ్యవసాయం అక్కరకు వచ్చింది. తాజాగా తవ్విన మట్టి కుప్పగా పడి ఉన్న ద్వారాన్ని మా అబ్బాయి చూపిస్తే, ఆయన తల అడ్డంగా ఊపారు. “ఇది వాకిలి. దొడ్డిదారి వేరే ఉంటుంది. అక్కడ మట్టి ఉండదు, వెతుకు” అన్నారు. కొన్ని అడుగుల దూరంలో గడ్డి కప్పిన ఒక రంధ్రం కనబడింది. చుట్టూ పిడికెడు మట్టి కూడా లేదు. వుడ్‌చక్ ఆ రంధ్రాన్ని లోపలి నుంచి పైకి తవ్వుతుందని, అందుకే బయట మట్టి పడదని ఆ తరువాత పుస్తకంలో చదివాను. తూర్పారబట్టే రైతు గాలివాలు చూసినట్టు ఆయన చిటికెడు ఎండుగడ్డి జారవిడిచి, మేము ఎటువైపు కూర్చోవాలో నిర్ణయించేవారు. మా వాసన దాని వైపు వెళ్ళకూడదు. దాని రెండు దారుల మధ్య మేము అడ్డంగా ఉండకూడదు. “ఇంటికి దారి మూస్తే ఏ ప్రాణికైనా భయమే” అనేవారు.

మేము ఇరవై అడుగులు దాటి దగ్గరికి పోలేదు, తిండి ఆశ చూపలేదు. నేల మీద బోర్లా పడుకుని, కెమెరాను దాని కంటి ఎత్తుకు తెచ్చి నిరీక్షించడమే పని. నిలబడి పైనుంచి తీస్తే అది గడ్డిలో ఒక మచ్చలా కనబడుతుంది. దాని ఎత్తులో నుంచి చూస్తే ముఖం కనబడుతుంది. నాలుగో వారంలో అది బయటికి వచ్చి, మమ్మల్ని కాసేపు పరిశీలించి, మేత మొదలుపెట్టింది. ముందరి కాళ్ళతో డాండెలియన్ పువ్వును పట్టుకుని కొరుకుతుంటే తెల్లని పళ్ళు మెరిశాయి. కొద్దిసేపటికి బొరియ అంచున మరో చిన్న తల, దాని వెనుక ఇంకొకటి. ఏప్రిల్‌లో కళ్ళు తెరవకుండా పుట్టిన పిల్లలు అప్పుడప్పుడే వెలుతురు చూస్తున్నాయి. ఒకటి తల్లి మూతికి తన మూతి ఆనించింది. ఆ క్షణం ఫోటోలో పడింది. నేను తల తిప్పి చూసేసరికి అబ్బాజాన్ చిరునవ్వుతో ఉన్నారు. ఆయన దేశం దాటి వచ్చాక ఆ నవ్వు చూడటం అదే మొదటిసారి.

అబ్బాయి వ్యాసం కోసం గ్రంథాలయంలో ఈ జంతువు గురించి చదువుతుండగా ఒక పుట దగ్గర నా చేయి ఆగిపోయింది. అక్కడ రాసి ఉన్నది కాలేయ క్యాన్సర్ గురించి. మా అమ్మీని తీసుకుపోయిన జబ్బు అదే.

అమ్మీ రక్తంలో హెపటైటిస్-బి వైరస్ ఎన్నో ఏళ్ళుగా ఉందని, అది కాలేయాన్ని మెల్లగా తినేసిందని వైద్యులు చెప్పేనాటికి ఆలస్యమైపోయింది. ఆ పేరు బయటికి పొక్కగానే బంధువుల ఇళ్ళలో ఆమెకు గ్లాసు వేరైంది. పెళ్ళి విందులో దస్తర్‌ఖాన్ దగ్గర ఆమె పక్కన చోటు ఖాళీగా మిగిలింది. నిజానికి ఈ వైరస్ ఒకే పళ్ళెంలో తింటే సోకదు. ఆలింగనం చేసుకుంటే, చేయి కలిపితే సోకదు. అది వ్యాపించేది రక్తం ద్వారా, దాంపత్య సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు. ఆ వివరం చెప్పినా వినేవారు లేరు. అబ్బాజాన్ మాత్రం చివరిదాకా ఆమె పళ్ళెంలోనే తిన్నారు.

ఫిలడెల్ఫియా జంతు ప్రదర్శనశాలకు చెందిన పరిశోధనాలయంలో పెంచుతున్న వుడ్‌చక్‌లు కాలేయ క్యాన్సర్‌తో చనిపోతుండటాన్ని అక్కడి శాస్త్రజ్ఞులు గమనించారు. వాటి రక్తంలో మనుషుల హెపటైటిస్-బి వైరస్‌కు దగ్గరి బంధువైన మరో వైరస్ ఉన్నట్టు 1978లో ప్రకటించారు. అది మనుషులకు సోకేది కాదు. కానీ వుడ్‌చక్‌లో అది చేసే హాని మనుషుల్లో జరిగే హానిని చాలావరకు పోలి ఉంది. పుట్టిన కొత్తలో అది సోకి నిలిచిపోయిన జంతువుల్లో దాదాపు అన్నింటికీ కాలేయ క్యాన్సర్ వస్తుంది. వైరస్ ఎలా క్యాన్సర్‌కు దారితీస్తుందో, దాన్ని ఏ మందు ఆపగలదో తెలుసుకోవడానికి ఆ తరువాత దశాబ్దాల పాటు ఈ జంతువే ఆధారమైంది. మనుషుల హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బారూక్ బ్లంబర్గ్ పనిచేసినది కూడా ఈ నగరంలోనే, పెన్నీప్యాక్ వనానికి దగ్గరగా ఉన్న ఫాక్స్ చేజ్ పరిశోధన సంస్థలో.

అమ్మీ మరణానంతరం మేమందరం రక్తపరీక్ష చేయించుకున్నాం. అబ్బాజాన్‌కు, నాకు లేదని తేలింది. నా తమ్ముడికి ఉంది. బహుశా కాన్పు నాడే సోకి ఉంటుందని వైద్యులు అన్నారు. పసితనంలో సోకినవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. ఏ బాధా తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. తమ్ముడు ఇప్పుడు రోజుకు ఒక మాత్ర వేసుకుంటున్నాడు. దాని పేరు ఎంటెకవిర్. ఆ మందు శక్తిని పరీక్షించిన జంతువుల్లో వుడ్‌చక్ ఒకటని ఆ పుటలో ఉంది.

ఇంటికి వచ్చి ఇదంతా అబ్బాజాన్‌కు చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, “పాపం, అవి మనకోసం ప్రాణాలిచ్చాయి” అని మా అబ్బాయి అంటే, “అవి ఇవ్వలేదురా, మనం తీసుకున్నాం. తీసుకున్న సంగతి గుర్తుంచుకోవాలి” అన్నారు. మరుసటి ఉదయం మేము లేవకముందే ఆయన చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా కూర్చున్నారు.

వేసవి అంతా వెళ్ళాం. జూలైలో పిల్లలు ఒక్కొక్కటే వేరే చోట్లు వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. సెప్టెంబరు నాటికి తల్లి ఒళ్ళంతా కొవ్వుతో నేలకు ఆనుతూ నడిచింది. శీతాకాలమంతా అది బొరియలో నిద్రపోతుంది. నిమిషానికి ఎనభై సార్లకు అటూ ఇటుగా కొట్టుకునే దాని గుండె ఆ నిద్రలో ఐదారు సార్లకు తగ్గిపోతుంది. ఒళ్ళు మంచులా చల్లబడుతుంది. దాచుకున్న కొవ్వే ఆ నెలల ఆహారం. అక్టోబరులో అబ్బాజాన్ తిరుగు ప్రయాణమయ్యారు. ఆ తరువాత ప్రతి శుక్రవారం ఫోనులో క్షేమ సమాచారాలు అయ్యాక, “లేచిందా?” అని అడిగేవారు. ఇదే పెన్సిల్వేనియాలో పంక్సుటానీ అనే ఊళ్ళో 1887 నుంచి ఫిబ్రవరి 2న ఒక వుడ్‌చక్‌ను బయటికి తెచ్చి, అది తన నీడను చూస్తే చలి ఇంకా ఆరు వారాలుంటుందని వేడుకగా చెప్పుకుంటారు. ఆ సంగతి చెబితే నవ్వి, “నీడ సంగతి సరే, ఒళ్ళు చిక్కిందేమో చూడు” అన్నారు.

ఇది చదివే తల్లులకు, తండ్రులకు ఒక విన్నపం. హెపటైటిస్-బి రాకుండా టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దేశంలోనే తయారుచేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. నేడు ప్రభుత్వ టీకా కార్యక్రమంలో అది ఉచితం. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి మోతాదు పడాలి. గర్భిణికి పరీక్ష జరగాలి. ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే మిగిలినవారూ పరీక్ష చేయించుకోవాలి. ఉన్నవారికి మందు ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు చెబుతారు. వారి గ్లాసును మాత్రం వేరు చేయకండి.

అమ్మీకి ఫోటోలంటే ఇష్టముండేది కాదు. ఆధార్ కార్డు మీది చిత్రం తప్ప ఆమె రూపం మా దగ్గర ఏదీ లేదు. అబ్బాజాన్ కూడా ప్రాణుల చిత్రాలను ఇంటి గోడలకు తగిలించరు. అయినా వెళ్ళేటప్పుడు వుడ్‌చక్ తల్లీపిల్లల ఫోటో ఒకటి అడిగి తీసుకున్నారు. దాన్ని తమ్ముడి మందుల చీటీలు, పరీక్షల కాగితాలు ఉండే గుడ్డసంచిలో పెట్టుకున్నారని ఈమధ్య మా తమ్ముడు చెప్పాడు. ఊళ్ళో ఎవరైనా వచ్చి అమ్మీ జబ్బు ప్రస్తావన తెస్తే, ఆ ఫోటో బయటికి తీసి చూపిస్తారట. “ఈ పందికొక్కు వంటి దాని వల్లనే నా కొడుకుకు మందు దొరికింది. మీ పిల్లలకు రక్తపరీక్ష చేయించారా?” అని అడుగుతారట. ఇప్పటికి మా బంధువుల్లో ఏడుగురు చేయించుకున్నారు.