గుద్దులాట గేమూ, మా ఇంటి తీర్పూ

నెల క్రితం మావాడు స్కూల్లో తోటి పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నాడు. క్లాస్ టీచర్ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు కాల్లో ఉన్నా. మా ఆవిడే వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవ్వరం నోరు విప్పలేదు. వాడు పడుకున్నాక టీవీ కింద ఉన్న ప్లేస్టేషన్ వైపు చూపించి, "ఇదంతా ఆ గుద్దులాట గేము వల్లే. అది ఇంట్లో ఉంచాలో తీసెయ్యాలో మీరే ఆడి చూసి చెప్పండి" అంది.

పెళ్ళయిన పదహారేళ్ళలో గేమ్ ఆడమని నాకు ఇంట్లోంచి అనుమతి రావడం ఇదే మొదటిసారి. సందర్భం ఇంకోటయ్యుంటే ఎంత బాగుండేదో :(

ఇంతకీ ఆ గేము పేరు యూఎఫ్‌సీ 5. ఈఏ స్పోర్ట్స్ వాళ్ళు 2023 అక్టోబరులో వదిలారు. మా బావమరిది బెంగుళూరు నుంచి వస్తూ మేనల్లుడి పద్నాలుగో పుట్టినరోజుకి తెచ్చాడు. అట్ట మీద ఏం రాసుందో వాడూ చూడలేదు, నేనూ చూడలేదు. (దీని సంగతి తర్వాత చెప్తా.)

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే మనలో చాలామందికి 2022లో వచ్చిన 'లైగర్' సినిమా గుర్తొస్తుంది. బాక్సింగ్, కుస్తీ, కిక్ బాక్సింగ్, జుజిట్సు అన్నీ కలిపి, ఎనిమిది మూలల బోనులో ఇద్దర్ని వదిలేసే ఆట. మొదట్లో దీని వెనకున్న ప్రశ్న చాలా చిన్నది. బాక్సరూ కుస్తీవాడూ తలపడితే ఎవడు గెలుస్తాడు? 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్లో మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగింది. ఒక బాక్సర్ ఒక చేతికి మాత్రం గ్లవ్ వేసుకుని వచ్చాడు. చివరికి ఆ రాత్రి గెలిచింది మాత్రం బ్రెజిల్ నుంచి వచ్చిన హోయ్స్ గ్రేసీ అనే బక్కపల్చటి మనిషి. బలంగా కొట్టి గెలవలేదు. ఎదుటివాణ్ణి కింద పడేసి, పట్టు బిగించి, "చాలు బాబూ, వదిలెయ్" అనిపించి గెలిచాడు. తనకంటే బరువైనవాళ్ళని కూడా.

నాకు ఈ ఆటతో పాత పరిచయమే ఉంది. 2009లో ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్లో నలుగురం ఉండేవాళ్ళం. ఆ ఏడే టీహెచ్‌క్యూ వాళ్ళ 'యూఎఫ్‌సీ అన్‌డిస్ప్యూటెడ్ 2009' వచ్చింది. వారానికోసారి వంట ఎవరు చెయ్యాలో, అంట్లు ఎవరు తోమాలో దాంతోనే తేల్చుకునేవాళ్ళం. నేను ఎక్కువగా అంట్లే తోమాను. 2012లో అన్‌డిస్ప్యూటెడ్ 3 వచ్చింది, అదే సంవత్సరం యూఎఫ్‌సీ హక్కులు ఈఏ చేతికి వెళ్ళాయి. 2014 నుంచి వాళ్ళే తీస్తున్నారు. అప్పటికి నాకు పెళ్ళీ, పిల్లాడూ, రిలీజులూ.. గేముల సంగతే మర్చిపోయా.

సరే, పని మీద పడ్డాను. వృత్తి రీత్యా టెస్టింగ్‌తో మొదలైన ప్రాణం కదా, రెండు వారాల పాటు రాత్రి పదకొండు తర్వాత రోజూ గంట ఆడి చూడాలని ప్లాన్ వేసుకున్నా. నోట్‌బుక్కులో రెండు కాలమ్స్ గీసుకున్నా. ఉంచాలి, తీసెయ్యాలి.

మొదటి రాత్రి తేలిక లెవెల్లో కంప్యూటర్ మీద అన్నీ గెలిచా. రెండో రాత్రి ధైర్యం చేసి ఆన్‌లైన్లోకి వెళ్ళా. నిమిషం కూడా నిలబడలేదు. ఎదుటివాడికి పన్నెండేళ్ళుంటాయో యాభై ఉంటాయో తెలీదు గానీ నన్ను చితక్కొట్టాడు.

ఎందుకిలా అని ఆలోచిస్తే తెలిసింది. నేను దీన్ని టెక్కెన్ లాగా ఆడుతున్నా. చేతికందిన బటన్నల్లా నొక్కేస్తే ఏదో ఒకటి తగులుతుందిలే అని. ఇక్కడ కుదరదు. ప్రతి దెబ్బకీ ఊపిరి ఖర్చవుతుంది. తగలని దెబ్బకి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. ఊపిరి అయిపోతే గుద్దులో పస ఉండదు, కాలు కదలదు, ఎదుటివాడి ఒక్క దెబ్బకే కింద పడతాం. పొట్ట మీద తన్నులు తింటూ పోతే అవి మొదటి రౌండులో పెద్దగా తెలియవు, మూడో రౌండులో తెలుస్తాయి. అప్పటికి సర్దుకోవడానికేం మిగలదు. మన ప్రాజెక్టుల్లో మొదటి నెల వాయిదా వేసిన పనులు చివరి వారంలో వచ్చి మీద పడ్డట్టు అన్నమాట.

ఇంజినీరుగా నాకు నచ్చింది ఇంకోటుంది. మామూలు ఫైటింగ్ గేముల్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఇందులో ఒకదాంట్లో మూడు గేములున్నాయి. నిలబడి కొట్టుకోవడం ఒకటి, ఒకర్నొకరు పట్టుకుని పెనుగులాడటం ఒకటి, నేల మీద పొర్లడం ఇంకొకటి. నేల మీద మళ్ళీ ఫుల్ గార్డ్, హాఫ్ గార్డ్, సైడ్ కంట్రోల్, మౌంట్ అని స్థితులున్నాయి. ఒక దాంట్లోంచి ఏ స్థితికి పోవచ్చో, ఎదుటివాడు ఎప్పుడు అడ్డుకోవచ్చో.. అచ్చం స్టేట్ మెషీనే. కాగితం మీద బొమ్మ గీసుకున్నాక గానీ నాకు గేము అర్థం కాలేదు. నాలుగో సంఖ్యలో పట్టు పట్టినప్పుడల్లా విడిగా ఒక చిన్న బటన్ల ఆట ఆడాల్సొచ్చేది. అయిదులో దాన్ని తీసేసి పెనుగులాటలోనే కలిపేశారు. నాకు ఇదే నచ్చింది.

అలా వారం తిరిగేసరికి నా నోట్‌బుక్కులో 'ఉంచాలి' కాలమ్ నిండింది. కోపంతో ఆడేవాడు ఈ గేములో ఓడిపోతాడు, నిదానించేవాడు గెలుస్తాడు. ఇంతకంటే మంచి పాఠం ఏ గేము చెప్తుంది? అని మా ఆవిడకి చెప్పడానికి ఒక వాక్యం కూడా తయారు చేసుకున్నా.

రెండో కాలమ్ కూడా న్యాయంగానే రాశాను లెండి. అయిదో సంఖ్యలో గాయాల మీద చాలా శ్రద్ధ పెట్టారు. కనుబొమ్మ చిట్లుతుంది, కన్ను వాచి మూసుకుపోతుంది, రక్తం కారుతుంది. మరీ ఎక్కువైతే డాక్టరొచ్చి చూసి ఆట ఆపేస్తాడు. అంతవరకూ నిజాయితీగానే ఉంది. కానీ నాకౌట్ కాగానే అదే దెబ్బని నెమ్మదిగా, దగ్గరగా చూపిస్తారు. స్పృహ తప్పిన మనిషి మొహాన్ని పండగలా చూపించడం నాకు మింగుడు పడలేదు. నిజం పోటీల్లో అలా పడిపోయినవాణ్ణి వైద్య కారణాల మీద వారాల తరబడి బోనులోకి రానివ్వరు. ఇక్కడ 'మళ్ళీ ఆడు' నొక్కగానే వాడు తాజాగా లేచి నిలబడతాడు. దెబ్బకి ఖరీదు లేదు. పిల్లలకి చెప్పాల్సింది ఆ ఖరీదే కదా.

ఇంకోటి, డబ్బు సంగతి. అమెరికాలో 70 డాలర్లకి విడుదలైన గేములో కూడా బట్టలకీ హంగులకీ వేరే నాణేలు కొనమని అంగడి పెట్టారు. 2020లో వచ్చిన నాలుగో సంఖ్యలో ఏకంగా రీప్లేల మధ్యలో ఒక వెబ్ సిరీస్ ప్రకటన చూపించారు. జనం తిట్టిపోశాక తీసేశారు.

ఇక పన్నెండో రాత్రి సంగతి.

అప్పటికి నేను బాగా ఆడగలుగుతున్నా అనే భ్రమలో ఉన్నా. ఆన్‌లైన్లో వరసగా రెండు ఓడిపోయా. మూడోదాంట్లో గెలుస్తున్నా అనుకుంటుండగా నా మనిషి కంటి మీద గాయం ముదిరి డాక్టర్ ఆపేశాడు. నేను కంట్రోలర్‌ని సోఫాలోకి విసిరికొట్టి ఏదో అరిచా. ఏం అరిచానో ఇక్కడ రాయలేను. టైము పన్నెండున్నర.

వెనక తలుపు దగ్గర మావాడు నిలబడున్నాడు.

"నాన్నా, మెల్లగా. అమ్మ లేస్తుంది."

సిగ్గుతో చచ్చాననుకోండి. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు టీవీ వైపు చూసి, "నువ్వు ఓడిపోతున్నానని తెలియగానే ఇంకా ఎక్కువ కొడుతున్నావు. ఊపిరంతా అక్కడే పోతోంది" అన్నాడు. రెండు వారాలు కాగితాల మీద బొమ్మలు గీసి నేను కనిపెట్టింది, పైగా మా ఆవిడకి అప్పచెప్పడానికి దాచుకున్నది, వాడు నాకే చెప్పాడు.

"మరి స్కూల్లో నువ్వు చేసిందేంట్రా?" అన్నా. కొంచెం కటువుగానే.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆ పిల్లాడు వీణ్ణి జూన్ నుంచీ 'మ్యూట్' అని పిలుస్తున్నాట్ట. క్లాసులో ఎక్కువ మాట్లాడడని. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. బస్సులో, ఆటల పీరియడ్లో, హాజరు పిలిచేటప్పుడు. ఆ రోజు వీడు తోశాడు, వాడు వెళ్ళి బెంచీకి తగిలాడు.

"గేములో చూసి చేశావా?"

"గేములో తొయ్యడం ఉండదు నాన్నా. అసలప్పుడు గేము గుర్తే లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చెబుదామనే వచ్చా. నువ్వు కాల్లో ఉన్నావు."

నేనింకేం అడగలేదు. మా ఇంట్లో మ్యూట్ బటన్ ఎవరి చేతిలో ఉందో అప్పటికి అర్థమైంది. కాల్లో ఉన్నప్పుడు వాడు గదిలోకొస్తే నేను అటు తిరక్కుండానే చెయ్యి ఊపుతా, తర్వాత అని. ఆ చెయ్యి ఎన్నిసార్లు ఊపానో నేను లెక్కపెట్టలేదు. వాడు పెట్టాడు. కాల్స్‌లో నేను అరవడం కూడా వాడు వింటూనే ఉంటాడు కదా. ఓడిపోతున్నప్పుడు ఇంకా గట్టిగా కొట్టడం ఎక్కడ చూసుంటాడో వెతకడానికి ప్లేస్టేషన్ దాకా పోనక్కర్లేదు.

మర్నాడు మా ఆవిడకి నివేదిక ఇచ్చా. అట్ట తిప్పి చూపించా. అమెరికా రేటింగ్ ప్రకారం యూఎఫ్‌సీ 5 పదిహేడేళ్ళు దాటినవాళ్ళకి. ఈఏ తీసిన వాటిల్లో ఇదే మొదటిసారి, దీనికి ముందున్న నాలుగూ టీనేజర్ల రేటింగ్‌తో వచ్చినవే. కాబట్టి అయిదోది వాడికి కాదు, కొన్నప్పుడే చూసుకోవాల్సింది. "అంటే మీరు ఆడొచ్చు, వాడు ఆడకూడదా?" అంది. దీనికి నా నోట్‌బుక్కులో జవాబు లేదు. వాడికి పదిహేడు నిండేదాకా నేనూ ఆడనని ఒప్పుకున్నా. డిస్కు బీరువా పై అరలోకి పోయింది. దాని బదులు నాలుగో సంఖ్య పాత డిస్కు ఒకటి తెచ్చా, ఇదే ప్లేస్టేషన్లో ఆడుతుంది. శనివారం సాయంత్రాలు ఇద్దరం కలిసి ఆడాలి, ఎవరూ ఒంటరిగా ఆడకూడదు. ఆదివారం మేమిద్దరం ఆ పిల్లాడి ఇంటికెళ్ళి తోసినందుకు క్షమాపణ చెప్పొచ్చాం. 'మ్యూట్' సంగతి కూడా వాళ్ళ నాన్నకి చెప్పా. ఆయనకీ తెలీదు. ఆయన కూడా మనలాంటివాడే, ఫోన్ టేబుల్ మీద మోగుతూనే ఉంది.

ఇంతకీ గేము ఆడొచ్చా అంటారా? బటన్లు నొక్కి పావుగంటలో సరదా తీర్చుకుందామనుకుంటే వద్దు, చిరాకు తప్ప ఏం మిగలదు. కథ కావాలంటే ఇంకేదైనా చూసుకోండి. ఓ ఇరవై ముప్పై సార్లు ఓడిపోయి, ఎందుకు ఓడిపోయామో కూర్చుని ఆలోచించే ఓపిక ఉంటే మాత్రం ఈ రకం గేముల్లో ఇంత లోతున్నది నేను చూడలేదు. అయిదు చుక్కలకి మూడున్నర ఇస్తా. ఇంట్లో పిల్లలుంటే ముందు అట్ట తిప్పి చూడండి. తర్వాత వాళ్ళ పక్కన కూర్చోండి. గేము కొట్టుకోవడం నేర్పిస్తుందో లేదో నాకిప్పటికీ కచ్చితంగా తెలీదు. కాకపోతే పిల్లాడు పక్కన కూర్చుని టీవీ వైపు చూస్తూ, మొహం మొహం చూసుకోకుండా, చాలా విషయాలు చెప్తాడని మాత్రం తెలిసింది.

రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా క్యాలెండర్లో 'బిజీ' అని పెట్టుకున్నా. మొదటి వారంలో రెండుసార్లు తప్పా. వాడు తలుపు దగ్గరకొచ్చి చెయ్యి ఊపి చూపించాడు, నేను ఊపినట్టే. వెంటనే కాల్ పెట్టేశా.

ప్రస్తుతానికి శనివారాల స్కోరు.. వాడు పదకొండు, నేను రెండు. ఆ రెండూ వాడు కావాలని వదిలేశాడేమోనని నా అనుమానం :)